గతుకుబాటమీద కొయ్యబండి

ఎద్దులు లేక, యంత్రము లేక, వెనుకనుండి తోయువారు లేక బండి పరుగెత్తగలదా? ఏటవాలు దొరికినచో తప్పక పరుగెత్తగలదు. కొండమీదినుండి జారవిడిచిన గుండు పల్లమునకు పరుగిడుట ఎల్లరు నెరిగినదే. వస్తువులను తనవైపునకు లాగుకొను భూమి యొక్క ఆకర్షణశక్తియే దానికి కారణము. ఆ శక్తి నాధారముగా జేసికొని అమెరికా సంయుక్త రాష్ట్రములలో బాలబాలికలు అరచేతిలో నిముడు కొయ్యబండ్లతో పందెములు నడపుకొందురు. ఈ పందెమునకు 'పైన్‌వుడ్ డెర్బీ' అని పేరు. పైన్ అనునది ఆ దేశమున విరివిగా లభించు మెత్తని కలప. డెర్బీ యనగా పందెము.

ఈ యాట ఒక తండ్రి ఆలోచననుండి పుట్టినది. కాలిఫోర్నియా రాష్ట్రమున సముద్రతీరమందలి మాన్‌హాటన్ బీచ్ అను పట్టణమున డాన్ మర్ఫీ అనునతడు కబ్ స్కౌట్లు అనబడు చిన్న స్కౌటుల దళమునకు నాయకుడుగా నుండెను. అతడు నార్త్ అమెరికన్ ఏవియేషన్ అను విమాన నిర్మాణ సంస్థలో ఉద్యోగి. బాలురు తాము చేసికొన్న బండ్లలో కూర్చుండి వాలుమీదినుండి దిగు 'సోప్‌బాక్స్ డెర్బీ' అను పందెము అప్పటికే ఆ దేశమున ప్రసిద్ధి కెక్కియుండెను. 1934లో డేటన్ నగరమున ఆరంభమైన ఆ జాతీయ పందెము 1935 నుండి ఆక్రన్ నగరమున జరుగుచున్నది. మర్ఫీ కుమారునకు అందు పాల్గొనవలెనని ఎంతయో కుతూహలము. కాని వానికి తగిన వయస్సు లేదు. బాలుని నిరాశను జూచిన తండ్రి, మనిషి యెక్కు బండికి మారుగా మనిషి యెక్కని చిన్నబండిని కల్పించెను. 1953 మే 15వ తేదీన మొదటి పందెము జరిగెను. మరుసటి యేట 'బాయ్స్ లైఫ్' అను పత్రికలో ఈ యాటనుగూర్చిన వ్యాసము వెలువడగా అది దేశమంతటను వ్యాపించెను. మర్ఫీ 2008లో మరణించినను ఆయన కల్పించిన యాట నేటికిని నిలిచియున్నది. 2018 నుండి బాలికలును కబ్ స్కౌటు దళములలో చేరి బండ్లు చేయుచున్నారు.

బండి స్వరూపము మిగుల సామాన్యమైనది. ఏడంగుళముల పొడవుగల పైన్ కొయ్యముక్క యొకటి, నాలుగు ప్లాస్టిక్ చక్రములు, ఇరుసులుగా నుపయోగించుటకు నాలుగు మేకులు, ఇవియే సామగ్రి. బాలుడు ఆ ముక్కను రంపముతో గోసి, ఆకురాయితో రాకి, ఉప్పుకాగితముతో నునుపుచేసి, రంగువేసి తన యిచ్చవచ్చిన రూపమును దిద్దుకొనును. పూర్తియైన బండి యైదు ఔన్సులకు, అనగా సుమారు 142 గ్రాములకు మించి తూగరాదు. కొయ్య తేలికది గావున, కొరతపడిన బరువును లోహపు ముక్కలతో పూరింతురు. సీసము విషపదార్థమగుటచే దానిని వాడకుండుటయో, వాడినచో చేతులు శుభ్రముగా గడుగుకొనుటయో చేయవలెను.

పందెపుబాట ఒక కొసయందు సుమారు నాలుగడుగుల ఎత్తున నుండును. అచ్చటినుండి క్రమముగా దిగి, తరువాత సమతలమై గమ్యమువరకు సాగును. ఒక్కొక్క బండికి ఒక్కొక్క వరుస కలదు. ప్రతి వరుస నడుమను పావంగుళము ఎత్తుగల సన్నని పట్టీ పొడవునను అమర్చబడియుండును. బండి చక్రములు పట్టీకి ఇరుప్రక్కలను దొరలును. పట్టీయే బండికి త్రోవ చూపును. బండికి వేరు సారథి లేడు. ఒక్కసారి విడిచిన పిదప దానిని ముట్టరాదు. కావున దాని జయాపజయములు విడువకముందే, చేసినవాని చేతిలో నిర్ణయమైపోవును.

బండి నాలుగడుగుల ఎత్తునుండి దిగునప్పుడు, ఏ విధమైన నష్టమును లేకున్నచో, సెకండునకు సుమారు 16 అడుగుల వేగమును పొందవలెను. కాని చక్రములు గిరగిర తిరుగుటకే కొంతశక్తి వ్యయమగును. ఇరుసునకును చక్రమునకును గలుగు రాపిడి కొంత హరించును. గాలి కొంత అడ్డగించును. చక్రము పట్టీకి ఒరసికొనుట మఱికొంత దినివేయును. ఈ దొంగల నందఱిని ఎంత దూరమున నుంచగలిగిన బండి అంత ముందుండును. బండి ఇరుసునకు కందెన వేయుట మన రైతు లెరిగిన విద్యయే. ఈ చిన్నబండికి మాత్రము నూనెకు మారుగా సామాన్యముగా గ్రాఫైటు పొడిని వాడుదురు. మేకు తలక్రింద పొడుచుకొనియుండు ముళ్లను ఆకురాయితో దీసి, మేకును అద్దమువలె మెఱయునట్లు సానబట్టి, పిమ్మట ఆ పొడిని చల్లుదురు.

బరువు నెచ్చట నుంచవలెనన్నది మఱియొక ప్రశ్న. బండి వాలుమీద నిలిచియున్నప్పుడు దాని వెనుకభాగము ముందుభాగముకంటె ఎత్తున నుండును. బరువును వెనుకకు జరిపిన కొలది అది మఱింత ఎత్తునుండి దిగును. వాలు ముప్పది డిగ్రీలు గలదియైనచో, గరిమనాభిని, అనగా బండి బరువంతయు తులదూగు చోటును, ఒక అంగుళము వెనుకకు జరిపినయెడల అది అర అంగుళము పైకి లేచును. ఆ లాభమువలన ఇరువదియడుగుల సమతలము దాటునప్పటికి బండి ఒక అంగుళమునకు కొంచెము పైగా ముందుండును. అందువలననే నేర్పరులు గరిమనాభిని వెనుక ఇరుసునకు ముప్పాతిక అంగుళము ముందున నుండునట్లు అమర్చుదురు.

ఇంతవరకు చెప్పినదెల్ల నునుపైన బాటకు సంబంధించినది. కాని బాటలన్నియు నునుపుగా నుండునా?

అల్యూమినియముతో జేసిన క్రొత్త బాటలు అద్దమువలె నుండును. అవి లేని దళములకు పాత చెక్కబాటలే గతి. ఒక్క ముక్కగా నంత పొడవు బాటను దాచుట కష్టము గావున దానిని నాలుగైదు ముక్కలుగా జేసి, పందెమునాడు మరలతో బిగింతురు. మిగిలిన దినములలో అవి ఏ నేలమాళిగలోనో గోడకు జేరబడియుండును. చెమ్మ తగిలి చెక్క ఉబ్బును. ఎండి వంకరలు తిరుగును. అతుకులయొద్ద ఒక ముక్క పైకి, ఒక ముక్క క్రిందికి నిలిచి మెట్టు లేర్పడును. పట్టీ కొసలు పెచ్చులూడును. ఒక వరుస ఎడమకు ఒరగును. వేఱొకటి కుడికి ఒరగును.

అతుకుచోట ఒక మిల్లీమీటరు మెట్టును జూచి పెద్దలు 'అది యెంత!' అని త్రోసివేయవచ్చును. కాని బండిచక్రపు వ్యాసము 30 మిల్లీమీటర్లు మాత్రమే. దాని వ్యాసార్ధములో పదునైదవవంతు ఎత్తుగల అడ్డు దానికి ఎదురైనదన్నమాట. అయిదడుగుల వ్యాసముగల ఎద్దుబండి చక్రమునకు ఆ లెక్కను రెండంగుళముల రాయి అడ్డుపడినట్లు. పరుగుమీదనున్న బండి అట్టి రాతిని ఢీకొన్నచో ఏమగునో ఊహించుట కష్టము గాదు.

అట్టి బాటగల యొక దళములో ఒక బాలుడున్నాడనుకొనుడు. వాడు తొమ్మిదేండ్లవాడు. చలికాలపు సాయంకాలములందు తండ్రిప్రక్కను గూర్చుండి తన చేతులతో బండిని జేసినాడు. నునుపుబాటకు జెప్పిన నియమములన్నింటిని పాటించినాడు. బరువంతయు వెనుకకు నెట్టినాడు. ముందరి చక్రములలో నొకదానిని నేలకు దగులనంత కొంచెముగా పైకెత్తినాడు. ఏలయన, తిరుగని చక్రమును త్రిప్పుటకు శక్తి వ్యయము గాదు. ఇంటి వసారాలో బల్లమీద విడిచినప్పుడు బండి బాణమువలె బోయినది. పందెమునాడు మాత్రము మొదటి అతుకు దాటగానే బండి ముందుభాగము ఎగిరిపడినది. రెండవ అతుకున ప్రక్కకు దిరిగి పట్టీకి గొట్టుకొన్నది. టకటకమను చప్పుడుతో అటునిటు తన్నుకొనుచు అందఱికంటె వెనుక గమ్యము జేరినది. మొద్దువలెనుండిన యొక తోటిబాలుని బండి దానిని సునాయాసముగా గెలిచినది.

బాలుని కన్నులు చెమర్చినవి. "బాట చెడ్డది, నాన్నా! నా బండిలో దోషము లేదు" అని వాడు పలికెను.

తండ్రి కొంతసే పూరకుండి, "బాట చెడ్డదే, నాయనా. కాని అది అందఱికి నొక్కటియే గదా! నీ బండి నీ వూహించిన బాటకొఱకు జేసినది. ఇచ్చటనున్న బాటకొఱకు గాదు. ఈ బాటను నీ వెప్పుడైన జూచితివా?" అని యడిగెను.

బాలుడు చూడలేదు. పందెము ముగిసి జనము వెడలిన పిదప వాడు మోకాళ్లమీద గూర్చుండి, బాట మొదటినుండి తుదివరకు వ్రేలుతో తడవి చూచెను. ఏ అతుకున మెట్టున్నదో, ఎచ్చట పట్టీ కొస చీలియున్నదో ఒక కాగితముమీద గుర్తించుకొనెను. ఒక కన్ను మూసి పట్టీ వంకరలను బరికించెను. అడ్డముగా రసమట్టము నుంచి, ఏ వరుస ఎటు ఒరిగినదో తెలిసికొనెను. అపజయము పొందిన దినముననే వాని నిజమైన పాఠము ఆరంభమైనది.

మరుసటి యేట క్రొత్తబండి చేయునప్పుడు వాడు మొట్టమొదట దిద్దినది బరువు. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము సుమారు నాలుగు అంగుళములమీద మూడెనిమిదవ వంతులు. గరిమనాభి వెనుక ఇరుసునకు ముప్పాతిక అంగుళము ముందున నున్నచో, మొత్తము బరువులో నూటికి 17 పాళ్లు మాత్రమే ముందుచక్రములపై బడును. అనగా సుమారు 24 గ్రాములు. అంత తేలికయైన ముక్కు ప్రతి గతుకునకును ఎగురుటలో వింతలేదు. గరిమనాభిని ఒకటింబావు అంగుళము ముందునకు దెచ్చినచో ముందుచక్రములపై నూటికి 29 పాళ్లు, అనగా సుమారు 41 గ్రాములు పడును. బండి ముక్కు నేలను విడువదు. ఈ మార్పువలన గమ్యమున కలుగు నష్టమో, అర అంగుళమునకు కొంచెము పైన. ఒక్కసారి ఎగిరి పట్టీకి గొట్టుకొన్న బండి కోల్పోవునది దానికంటె మిక్కిలి హెచ్చు. కొంచెము విడిచి ఎక్కువ నిలుపుకొనుటయే ఇందలి కిటుకు.

రెండవది బండి నడక. తిన్నగా బోవు బండియే మేలైనదని తోచును. కాని చక్రములకును పట్టీకిని నడుమ కొంత సందుండుటచే తిన్నని బండి ఒకమారు ఎడమకు, ఒకమారు కుడికి గొట్టుకొనుచుండును. దానికి మారుగా, నేలనానియుండు ముందుచక్రము మెల్లగా పట్టీవైపునకు మరలునట్లు దాని మేకును ఒకింత వంచి అమర్తురు. అప్పుడా చక్రము పట్టీ నానుకొని, గోడపట్టుకొని నడచు బాలునివలె, తొట్రుపాటు లేక సాగును. దీనిని పరీక్షించుటకు నాలుగడుగుల నునుపైన బల్లమీద బండిని మెల్లగా దొరలించి, అది ప్రక్క కెంత యొరగునో కొలుతురు. నునుపుబాటకు రెండు మూడంగుళముల యొరుగు చాలునని అనుభవజ్ఞులు చెప్పుదురు. గతుకుబాటపై అంత మెల్లని ఒత్తిడి ప్రతి కుదుపునకును విడిపోవును గావున అంతకంటె ఎక్కువగా, నాలుగైదంగుళముల వఱకు నుంచుట మంచిది. మేకును వంచుట కొన్ని దళములలో నిషిద్ధము. కావున స్థానిక నియమములను ముందుగా జదువుకొనుట విధి.

మూడవది పైకెత్తిన చక్రము. నునుపుబాటకు అది అంగుళములో పదునాఱవ వంతు లేచిన జాలును. గతుకుబాటపై ఆ మాత్రపు ఎత్తున నున్న చక్రము ప్రతి మెట్టునకును దగిలి, ఒక్కొక్కసారి తిరిగి, ఒక్కొక్కసారి ఆగి, మేలుకు మారుగా కీడు చేయును. దానిని మఱికొంత పైకెత్తుటయో, నియమము నాలుగు చక్రములును నేల దాకవలెనని శాసించినచో నాలుగింటిని సమముగా నానించుటయో చేయవలెను.

నాలుగవది చక్రము. తేలికగా నుండవలెనని చక్రపుటంచును కత్తివలె పలుచన చేయువారు కలరు. అట్టి అంచు అతుకుల చీలికలలో దిగబడును. గతుకుబాటకు వెడల్పయిన, నునుపైన, గుండ్రదనము చెడని చక్రమే తగినది. చక్రమునకును బండి ప్రక్కకును నడుమ దళసరి అట్టముక్క దూరునంత సందు చాలును. సందు మిక్కిలి తక్కువైన ఒరసికొనును. ఎక్కువైన బండి ఇటునటు ఊగును.

ఐదవది బిగువు. లోహపు ముక్కలు బండి యడుగున వ్రేలాడరాదు. పైకి లేచిన అతుకునకు దగిలి బండి నాపివేయును. వానిని కొయ్యలో తొలిచిన గుంటలయందు బొదిగి జిగురుతో స్థిరపరుపవలెను. మేకులకును జిగురు పెట్టవలెను. కుదుపునకు వెండ్రుకవాసి కదిలిన మేకు బండి నడకనంతయు మార్చివేయును.

ఇవి యన్నియు జేసిన తరువాత బాలుడు బండిని విడిచి కన్నులు మూసికొని చెవి యొగ్గి వినెను. టకటకమను శబ్దము పట్టీకి దగులుచున్నదని చెప్పును. ఒకే తీరున సాగు మృదువైన ధ్వని బండి కుదురుగా నడచుచున్నదని చెప్పును. ఇన్ని దినములును తండ్రి ప్రక్కనే యుండెను. ఎన్నియోమారులు ఆకురాయిని తాను లాగుకొని క్షణములో ముగింపవలెనని ఆయన చేతులు తహతహలాడెను. కాని ఆయన తన చేతులను తన యొడిలోనే యుంచుకొనెను. తండ్రి చేసిన బండి గెలిచినచో బాలునకు మిగులునది బహుమానము మాత్రమే. బాలుడు చేసిన బండి ఓడినను వానికి విద్య మిగులును. రంపపుకోతలవంటి ప్రమాదకరమైన పనులలో మాత్రము ఆయన చేయి పట్టుకొని చేయించెను.

పందెమువచ్చెను. బాట మునుపటివలెనే యున్నది. పేరుపొందిన బండ్లు కొన్ని ఎగిరిపడినవి. బాలుని బండి చూపఱుల నబ్బురపఱుపక, ఎగురక, తడబడక పోయినది. ప్రతి బండియు ప్రతి వరుసలోను ఒక్కొక్కమారు పరుగెత్తవలెనని ఆ దళమున నియమము. ఒక వరుస మంచిదియు, వేఱొకటి చెడ్డదియు నైనప్పుడు న్యాయము చేకూర్చుటకు ఇది మేలైన పద్ధతి. అన్ని పరుగుల కాలమును గూడగా బాలునకు ద్వితీయస్థానము లభించెను. వాడు సంతోషించెను.

కాని వాని దృష్టి వేఱొకచోట నిలిచినది. కడపటి స్థానమున నిలిచిన చిన్నవాడొకడు తన బండిని ఒడిలో నుంచుకొని దాని చక్రములను మాటిమాటికి త్రిప్పి చూచుచుండెను. అందేమి లోపమున్నదో వానికి బోధపడలేదు. ఏడాది క్రిందట తానట్లే కూర్చుండిన సంగతి బాలునకు జ్ఞప్తికి వచ్చెను.

బాలుని జేబులో పాత కాగితమున్నది. బాటలోని ప్రతి దోషమును అందు వ్రాయబడియున్నది. ఆ రహస్యము తనవద్దనే యున్నంతకాలము వచ్చు యేట ప్రథమస్థానము తనదే కావచ్చును. బాట బాగుపడినచో తన నేర్పు విలువ తగ్గును; అందఱి బండ్లును సమముగా పరుగెత్తును. బాలుడు కొంతసేపు కాగితమును మడచుచు, విప్పుచు నుండెను. తుదకు లేచి దళనాయకునియొద్దకు బోయి దానిని ఆయన చేతికిచ్చెను.

మరువారము పిల్లలును పెద్దలును గూడి బాట ముక్కలను వెలుతురులోనికి దెచ్చిరి. అతుకుల క్రింద పలుచని చెక్కముక్కలుంచి మెట్లను సరిచేసిరి. లేచిన యంచులకు చిత్రికపట్టిరి, ఉప్పుకాగితముతో రుద్దిరి. పట్టీ కొసలను గుండ్రముగా రాకి, ఊడినచోట్ల తిరిగి బిగించిరి. చెమ్మ పీల్చకుండ వార్నీషు పూసి, ముక్కలను గోడకు జేర్పక చదునుగా పరుండబెట్టిరి. బాలుడు కడపటి స్థానమున నిలిచిన చిన్నవానికి ఒక ఉప్పుకాగితపు ముక్కనిచ్చి, అతుకును వ్రేలితో నెట్లు తడవి చూడవలెనో చూపుచుండెను.

చెడ్డబాటమీద బండిని నడపగలుగుట నేర్పు. ఆ బాటను వెనుకవచ్చువారికొఱకు బాగుచేయుట అంతకంటె గొప్ప నేర్పు. మొదటిదానిని బాలుడు తన బండివలన నేర్చుకొనెను. రెండవదానిని తన ఓటమివలన నేర్చుకొనెను.